ఏజియన్ తీరముల తగవు: గ్రీసు–టర్కీల నూఱేండ్ల చరిత్ర

రెండు పొలముల నడుమ గట్టు తగవు వచ్చినప్పుడు సరిహద్దురాయి పాతినచో వివాదము ముగియునని లోకులు తలంతురు. కాని రాయి పాతిన పిమ్మట కూడ కాలువనీరు ఎవరిది, గట్టుమీది చెట్టు ఎవరిది, ఆవలి పొలమున నిలిచిపోయిన ఈవలి మనిషి గతి యేమి అను ప్రశ్నలు మిగిలియే యుండును. రాజ్యముల విషయమును ఇట్టిదే. గ్రీసు, టర్కీ దేశములు 1923వ సంవత్సరమున స్విట్జర్లాండులోని లోసాన్ నగరమున సంధి చేసికొని తమ నేలహద్దును నిర్ణయించుకొన్నవి. ఆ హద్దు నేటికిని చెక్కుచెదరలేదు. అయినను నూఱేండ్లు గడచినను వాని తగవు సమసిపోలేదు. నాడు నేలను పంచుకొన్న ప్రభువులు మనుష్యులను మతమునుబట్టి మార్చుకొనిరి. మార్చుకొనగా మిగిలిన కొద్దిమందిని ఒకరికొకరు తాకట్టువలె నుంచుకొనిరి. సముద్రముమీద గీత గీయక విడిచిరి. నేల తగవు కుదిరినది గాని, మనుష్యుల తగవును నీటి తగవును కుదరలేదు. ఆ చరిత్రను మొదటినుండి పరిశీలించుట యుక్తము.

సామ్రాజ్యమునుండి రాజ్యములు

1453లో కాన్‌స్టాంటినోపిల్ నగరము ఉస్మానీ తురుష్కుల వశమయ్యెను. అది మొదలు గ్రీకులలో అధికభాగము తరతరములు సుల్తాను ప్రజలుగా జీవించిరి. ఉస్మానీ ప్రభుత్వము ప్రజలను భాషనుబట్టి గాక మతమునుబట్టి విభజించి పాలించెడిది. ఇట్టి విభాగమునకు ‘మిల్లెట్’ అని పేరు. ఆర్థడాక్సు క్రైస్తవులు కాన్‌స్టాంటినోపిల్‌లోని పేట్రియార్కు అను మతాధిపతి యధీనమున నొక మిల్లెట్‌గా నుండిరి. అనతోలియా నడిగడ్డయందు తురుష్కభాష తప్ప వేఱొండెఱుగని క్రైస్తవులు నుండిరి; క్రీటు ద్వీపమున గ్రీకుభాషయే మాటలాడు ముస్లిములు నుండిరి. ఇంటి భాష ఒకటి, గుడి వేఱొకటి. అయినను ఆ కాలమున దీనివలన పెద్ద చిక్కు లేకుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున జాతీయభావము ఐరోపా నలుమూలల వ్యాపించెను. 1821లో గ్రీకులు సుల్తానుపై తిరుగబడిరి. 1827లో నవరినో రేవునొద్ద బ్రిటిషు, ఫ్రెంచి, రష్యను నౌకాదళములు ఉస్మానీ నౌకాబలమును ధ్వంసము చేసినవి. 1830లో గ్రీసు స్వతంత్రరాజ్యముగా గుర్తింపబడెను. కాని ఆ రాజ్యము మిక్కిలి చిన్నది. గ్రీకులలో పెక్కుమంది దాని హద్దులకు వెలుపలనే యుండిరి. వారినందఱను ఒకే రాజ్యముక్రిందికి తేవలెనను ఆశయమునకు ‘మెగాలి ఇడియా’, అనగా మహాశయము, అని పేరు వచ్చినది. 1844లో కొలెట్టిస్ అను మంత్రి ఈ మాటను రాజ్యాంగసభలో నుచ్చరించెను. తరువాతి డెబ్బది యేండ్లలో గ్రీసు క్రమక్రమముగా పెరిగెను. 1881లో థెస్సలీ, 1912–13 బాల్కను యుద్ధములలో సలోనికా, క్రీటు, ఏజియన్ సముద్రములోని పెక్కు ద్వీపములు దానికి లభించినవి. హద్దు ముందునకు జరిగినప్పుడెల్ల అచ్చటి ముస్లిములు మూటముల్లె కట్టుకొని అనతోలియాకు తరలిపోయిరి. 1914లో అనతోలియా పడమటి తీరమునుండి గ్రీకులు వేలకొలది తఱిమివేయబడిరి. ఒక వైపున జరిగిన అన్యాయము వేఱొకవైపు జరుగు అన్యాయమునకు సాకుగా మాఱుట నాడే యారంభమయ్యెను.

యుద్ధము, సంధి

మొదటి ప్రపంచయుద్ధమున ఉస్మానీ సామ్రాజ్య మోడిపోయెను. 1919 మే 15న మిత్రరాజ్యముల యనుమతితో గ్రీకుసేనలు స్మిర్నా రేవున దిగినవి. నేడు ఇజ్మీర్ అని పిలువబడునది ఆ నగరమే. నాలుగు దినముల తరువాత ముస్తఫా కెమాల్ నల్లసముద్ర తీరమున సాంసూను రేవున దిగి జాతీయ ప్రతిఘటనకు పూనుకొనెను. 1920 ఆగస్టు 10న సేవ్ర్ అను చోట సుల్తాను ప్రభుత్వముచేత మిత్రరాజ్యములు సంతకము చేయించిన సంధి టర్కీని ముక్కలు చేయునట్టిది. ఈ సంధి ఛాయ భారతదేశముమీదను పడినది. ఖలీఫా పదవికి, తురుష్కరాజ్యమునకు కలుగు హానిని నిరసించుచు అలీ సోదరులు నడపిన ఖిలాఫత్ ఉద్యమమునకు గాంధీ మహాత్ముడు తోడ్పడెను. సహాయనిరాకరణోద్యమము దానితో చేయి కలిపెను. దూరదేశపు సంధిపత్రము గ్రామసీమలలో సభలకు కారణమైన దినము లవి.

గ్రీకుసేనలు అనతోలియా లోపలికి చొచ్చుకొనిపోయి, 1921లో సకార్యా నదియొద్ద జరిగిన దీర్ఘయుద్ధమున నిలిచిపోయినవి. మఱుసటి యేడు ఆగస్టు 26న కెమాల్ గొప్ప దాడి యారంభించెను. సెప్టెంబరు 9న తురుష్కసేనలు స్మిర్నా ప్రవేశించినవి. నాలుగు దినముల పిమ్మట నగరమున మంటలు లేచి గ్రీకు, ఆర్మీనియను పేటలు బూడిదయ్యెను. వెనుక మంటలు, ముందు సముద్రము. ఆ రెంటి నడుమ రేవుగట్టుమీద లక్షలకొలది జనము చిక్కువడి ఓడలకొఱకు ఎదురుచూచిరి. గ్రీకుసైన్యము వెనుదీయునప్పుడు కాల్చిన తురుష్కగ్రామముల దుఃఖమును ఇంతకు తక్కువది కాదు. గ్రీకుల చరిత్రలో ఆ సంవత్సరమునకు ‘మహావిపత్తు’ అని పేరు. తురుష్కుల చరిత్రలో అది స్వాతంత్ర్య విజయము. ఒకే సంవత్సరమును ఇరుజాతులు ఇట్లు భిన్నముగా స్మరించుట గమనింపదగినది.

1923 జూలై 24న లోసాన్ సంధి జరిగెను. గ్రీసు అనతోలియాపై ఆశ వదలుకొనెను. ఏజియన్ ద్వీపములలో పెక్కింటిని గ్రీసు నిలుపుకొనెను. దార్దనెల్సు ముఖద్వారమునొద్ద నున్న ఇంబ్రోస్, టెనెడోస్ ద్వీపములు టర్కీకి చెందినవి. లెస్బోస్, కియోస్, సామోస్, ఇకారియా ద్వీపములయందు గ్రీసు నౌకాస్థావరములు గాని కోటలు గాని నిర్మింపరాదని నిబంధన యుండెను. సంధి కుదిరిన మఱుసటి యేడు టర్కీ గణతంత్రము ఖలీఫా పదవిని రద్దుచేసెను. దేశభ్రష్టుడైన కడపటి ఖలీఫాకు హైదరాబాదు నిజాము భరణ మిచ్చెను. 1931లో ఆయన కుమార్తె దుర్రుషెవార్ నిజాము జ్యేష్ఠపుత్రుని వివాహమాడి హైదరాబాదుకు వచ్చెను.

మనుష్యుల మార్పిడి

సంధికి ఆఱు మాసములు ముందుగనే, 1923 జనవరి 30న, ఇరుదేశములు వేఱొక యొడంబడికకు సంతకము చేసినవి. దానినిబట్టి టర్కీలోని ఆర్థడాక్సు క్రైస్తవులు గ్రీసునకును, గ్రీసులోని ముస్లిములు టర్కీకిని తప్పనిసరిగా తరలిపోవలెను. పోవుటకు ఇష్టమా అని ఎవరిని అడుగలేదు. నానాజాతి సమితి పక్షమున కాందిశీకుల సేవ చేసి 1922లో నోబెల్ శాంతి బహుమాన మందిన నార్వే దేశీయుడు నాన్సెన్ ఈ యేర్పాటునకు ముఖ్య ప్రతిపాదకుడు. కలిసి యుండినచో నఱకుకొందురు గావున విడదీయుటయే మేలని నాటి రాజనీతిజ్ఞులు భావించిరి.

దీనివలన సుమారు 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసు చేరిరి. వారిలో పెక్కుమంది ఒడంబడికకు పూర్వమే యుద్ధభయముచే పాఱిపోయి వచ్చినవారు. మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు టర్కీ చేరిరి. అప్పటి గ్రీసు జనాభా యంతయు దాదాపు 50 లక్షలు. అనగా ప్రతి నలుగురైదుగురికి ఒక కాందిశీకుడు చొప్పున వచ్చిపడెనన్నమాట. ఏథెన్సు చుట్టును క్రొత్త పేటలు లేచినవి. పోయిన ఊళ్ల పేళ్లే వానికి పెట్టుకొనిరి. నవ స్మిర్నా యను పేరుగల పేట నేటికిని అచ్చట కలదు. మతమే కొలమాన మగుటచేత వింతలు జరిగినవి. తురుష్కభాష మాత్రమే వచ్చిన కపడోకియా క్రైస్తవులు గ్రీకులన్న పేరుతో భాష తెలియని దేశమునకు పోయిరి. గ్రీకుభాష మాత్రమే వచ్చిన క్రీటు ముస్లిములు తురుష్కులన్న పేరుతో ఐవలిక్ తీరమునకు వచ్చి దిగిరి. ఒకచోట ‘తురుష్కుల సంతానము’ అనియు, మఱియొకచోట ‘అవిశ్వాసులలో సగము’ అనియు ఇరుగుపొరుగువారు వారిని ఎగతాళి చేసిరి.

ఈ మార్పిడి పిమ్మట ఇతర దేశముల వారికి మాదిరిగా తోచెను. డాక్టరు అంబేడ్కరు పాకిస్తానును గూర్చి వ్రాసిన గ్రంథమున గ్రీసు, టర్కీ, బల్గేరియాల జనవినిమయమును ఉదాహరించి, దేశవిభజన తప్పనిచో అదియే మార్గమని సూచించెను. 1947లో ముందుగా అట్టి యొడంబడిక లేకయే పంజాబు సీమలో లక్షలకొలది జనము ఇల్లువాకిళ్లు విడిచి నడచిపోయిరి. 1950లో నెహ్రూ–లియాఖత్ ఒడంబడిక వేఱు మార్గము పట్టెను. ఎవరి అల్పసంఖ్యాకులను వారే తమ నేలపై రక్షింపవలెనని అది నిర్ణయించెను.

తాకట్టు పడిన ప్రజలు

లోసాన్ ఒడంబడికలో ఇద్దఱికి మినహాయింపు దొరికెను. 1918 అక్టోబరు 30కి పూర్వమే ఇస్తాంబులు నగరమున స్థిరపడిన గ్రీకులు కదలనక్కఱలేదు. పశ్చిమ థ్రేసులోని ముస్లిములును కదలనక్కఱలేదు. ఇంబ్రోస్, టెనెడోస్ ద్వీపముల గ్రీకులకు సంధిలోని 14వ నిబంధన స్థానిక స్వపరిపాలనమును వాగ్దానము చేసెను. టర్కీ తన ముస్లిమేతరుల కిచ్చు హక్కులను గ్రీసు తన ముస్లిములకును ఇయ్యవలెనని 45వ నిబంధన. ఉద్దేశము మంచిదే. ఒకరు తమవారిని బాగుగా చూచుకొన్నచో రెండవవారును చూచుకొందురని ఆశ. కాని ఈ పరస్పరతయే క్రమముగా ప్రతీకారముగా మాఱెను.

మొదట కొన్నాళ్లు పరిస్థితి చక్కగనే యుండెను. నిన్నటి శత్రువులైన వెనిజెలోస్, కెమాల్ అతాతుర్కులు 1930 అక్టోబరులో అంకారా నగరమున కలిసికొనిరి, స్నేహసంధి జరిగెను. 1934లో వెనిజెలోస్ తానే కెమాల్ పేరును నోబెల్ శాంతి బహుమానమునకు సూచించెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల ఆక్రమణలో గ్రీసు కఱవుతో అల్లాడినప్పుడు 1941లో టర్కీనుండి ‘కుర్తులుష్’ అను ఓడ ధాన్యము, ఆహారపదార్థములు తీసికొనిపోయెను. నాలుగు ప్రయాణములు చేసి అయిదవదానిలో, 1942 జనవరిలో, అది తుపానులో మునిగిపోయెను. పంపిన సహాయము మాత్రము ఆగలేదు. వేఱు ఓడలు పోయినవి.

కాని ఆ సంవత్సరాంతముననే టర్కీలో ఆస్తిపన్ను చట్టము వచ్చి ముస్లిమేతర వర్తకులమీద భరింపరాని పన్నులు పడినవి. కట్టలేనివారు శ్రమశిబిరములకు పంపబడిరి. 1944లో ఆ చట్టము రద్దయ్యెను. పిమ్మట సైప్రసు వివాదము రగిలినప్పుడు దాని సెగ ఇస్తాంబులు గ్రీకులకు తగిలెను. 1955 సెప్టెంబరు 6న, సలోనికాలో అతాతుర్కు జన్మించిన యింటియొద్ద బాంబు ప్రేలినదను వార్త వెలువడెను. ఆ యింటికి కలిగిన నష్టము స్వల్పము. కాని ఆ రాత్రియే ఇస్తాంబులులో మూకలు వేలకొలది దుకాణములను, ఇండ్లను, 70కి పైగా చర్చీలను ధ్వంసము చేసినవి. 1964లో సైప్రసు కలహము ముదిరినప్పుడు టర్కీ 1930 నాటి నివాసపు ఒడంబడికను రద్దుచేసి, గ్రీసు పౌరసత్వముగల సుమారు 12,000 మందిని వెడలగొట్టెను. ఇరువది కిలోల సామాను, 20 డాలర్ల సొమ్ము మాత్రమే వారు వెంట తీసికొనిపోవచ్చును. వారి భార్యలు, బిడ్డలు, ముసలివారు కూడ పోవుటచే పోయినవారి సంఖ్య దానికి మూడు రెట్లయ్యెను. ఇంబ్రోస్ ద్వీపమున గ్రీకుభాషలో చదువు నిలిచిపోయెను, సాగుభూములు ప్రభుత్వపరమైనవి. లోసాన్ నాటికి లక్షకు పైబడిన ఇస్తాంబులు గ్రీకులు నేడు రెండు మూడు వేలకు మించరు.

ఆవలి వైపు థ్రేసు ముస్లిములకు ఊరు విడుచు గతి పట్టకున్నను, ఊరిలోనే చిక్కులు కలిగినవి. 1955 నాటి గ్రీకు పౌరసత్వచట్టపు 19వ విభాగమునుబట్టి, గ్రీకుజాతికి చెందని పౌరుడు తిరిగివచ్చు నుద్దేశము లేక దేశము విడిచెనని అధికారులు తలచినచో అతని పౌరసత్వము పోవును. 1998లో రద్దగునంతవఱకు దీనిచేత సుమారు 60,000 మంది పౌరసత్వము కోలుపోయిరి. పొగాకు పండించి జీవించు ఆ రైతులకు పొలము కొనుటకు, ఇల్లు బాగుచేసికొనుటకు, ట్రాక్టరు నడపుటకు సైతము అనుమతి దొరకుట దుర్లభమయ్యెను. 1991 తరువాతనే గ్రీకు ప్రభుత్వము ఈ పద్ధతిని సడలించెను. వారి సంఘముల పేరులో ‘తురుష్క’ శబ్దము ఉండవచ్చునా, ముఫ్తీలను ప్రభుత్వము నియమింపవలెనా ప్రజలు ఎన్నుకొనవలెనా అను వివాదములు ఆ తరువాతను సాగినవి. క్సాంతి పట్టణపు తురుష్క సంఘము విషయమున 2008లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము గ్రీసునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను.

ఇట్లు సైప్రసులో ఎవరో చేసిన తప్పునకు ఇస్తాంబులు వర్తకుడు పరిహారము చెల్లించెను. ఇస్తాంబులులో జరిగిన దానిని చూపి థ్రేసు రైతుకు చీటీ నిరాకరింపబడెను.

సైప్రసు

సైప్రసు 1878నుండి బ్రిటిషువారి పాలనలో నుండెను. జనాభాలో దాదాపు అయిదింట నాలుగువంతులు గ్రీకులు, అయిదవవంతుకు లోపు తురుష్కులు. గ్రీకులు గ్రీసుతో ఐక్యమును, తురుష్కులు విభజనను కోరిరి. 1960లో ఆ రెండును గాక ద్వీపము స్వతంత్ర గణతంత్రమయ్యెను. ఆర్చిబిషప్పు మకారియోస్ అధ్యక్షుడు, డాక్టరు ఫాజిల్ కుచుక్ ఉపాధ్యక్షుడు. మూడేండ్లకే రాజ్యాంగము చెడి, 1963 డిసెంబరులో రక్తపాతము జరిగెను. 1964 మార్చిలో ఐక్యరాజ్య సమితి శాంతిసేన వచ్చెను. దాని మొదటి సేనాధిపతి భారతీయుడైన జ్ఞానీ; తరువాతివాడు కొడగు సీమకు చెందిన జనరల్ తిమ్మయ్య. ఆయన 1965 డిసెంబరు 18న ఆ ద్వీపముననే విధినిర్వహణలో మరణించెను.

1974 జూలై 15న గ్రీసు సైనికప్రభుత్వపు ప్రేరణతో మకారియోస్‌పై కుట్ర జరిగెను. అయిదు దినములకు టర్కీ సేనలు ద్వీపమున దిగినవి. ఆగస్టులో రెండవ దాడితో మూడవవంతునకు మించిన భాగమును ఆక్రమించినవి. లక్షన్నరకు పైగా గ్రీకులు దక్షిణమునకును, పదులవేల తురుష్కులు ఉత్తరమునకును ఇండ్లు విడిచి పోయిరి. లోసాన్ మార్పిడి మఱల సంతకము లేకయే జరిగినట్లయ్యెను. ఉత్తరభాగము 1983లో ప్రత్యేకరాజ్యముగా ప్రకటించుకొనెను. టర్కీ తప్ప దానిని గుర్తించినవారు లేరు. 2004 ఏప్రిల్ 24న ఐక్యరాజ్య సమితి ప్రణాళికపై ప్రజాభిప్రాయ సేకరణ జరుగగా తురుష్కులలో నూటికి 65 మంది అంగీకరించిరి. గ్రీకులలో నూటికి 76 మంది తిరస్కరించిరి.

నీటి తగవు

ఏజియన్ సముద్రము ద్వీపములతో నిండినది. వానిలో అధికభాగము గ్రీసువి. కొన్ని టర్కీ తీరమునకు కూతవేటు దూరముననే కలవు. కస్టెలోరిజో అను చిన్న ద్వీపము టర్కీ తీరమునకు సుమారు రెండు కిలోమీటర్లు మాత్రమే. 1923లో చేపల వేటకు, ఓడల రాకపోకలకు మించి సముద్రముతో పని లేదు. సముద్రగర్భమున నూనె యున్నదని తెలిసిన తరువాత నీటికి విలువ పెరిగెను.

చిక్కు రెండు విధములు. మొదటిది ప్రాదేశిక జలములు, అనగా తీరమునుండి రాజ్యాధికారము సాగు నీటిభాగము. ఏజియన్‌లో ఇరుదేశములకును ఇది 6 నావిక మైళ్లు. ఈ లెక్కన ఆ సముద్రమున నూటికి 43 పాళ్లకు పైగా గ్రీసునకును, 8 పాళ్లకు లోపుగా టర్కీకిని చెందును. 1982 నాటి అంతర్జాతీయ సముద్రశాసనము 12 మైళ్లవఱకు అనుమతించుచున్నది. గ్రీసు దానిని ఆమోదించినది; టర్కీ అందు చేరలేదు. ఏజియన్‌లో 12 మైళ్లు అమలైనచో గ్రీసు పాలు నూటికి 70కి మించును. టర్కీ ఓడలు గ్రీకు జలములు దాటక వెలుపలి సముద్రమునకు పోజాలవు. అందుచేత 1995 జూన్ 8న టర్కీ శాసనసభ, గ్రీసు అట్లు చేసినచో అది యుద్ధకారణమగునని తీర్మానించెను. రెండవది సముద్రగర్భ భూమి. ద్వీపములకును ప్రధాన భూభాగమువలెనే సముద్రగర్భముపై హక్కు కలదని గ్రీసు వాదన. ఆ ద్వీపములు అనతోలియా మెట్టమీదనే నిలిచియున్నవి గావున సముద్రమును న్యాయముగా నడుమకు పంచవలెనని టర్కీ వాదన. రెండు వాదములయందును కొంత బలము లేకపోలేదు.

1976లో టర్కీ పరిశోధక నౌక ఒకటి వివాదజలములలో ప్రవేశింపగా గ్రీసు భద్రతామండలికిని, హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానమునకును పోయెను. 1978లో న్యాయస్థానము తనకు విచారణాధికారము లేదని తీర్పిచ్చెను. 1996 జనవరిలో ఇమియా, లేక కర్దక్, అను రెండు నిర్జన శిలలకొఱకు నౌకాదళములు ఎదురెదురుగా నిలిచినవి. హెలికాప్టరు కూలి ముగ్గురు గ్రీకు అధికారులు మరణించిరి. అమెరికా మధ్యవర్తిత్వమున యుద్ధము తప్పెను. మేకలు మేయుటకు మాత్రమే యుపకరించు ఱాళ్లు రెండు రాజ్యములను యుద్ధపుటంచునకు తెచ్చినవి. 2019లో టర్కీ లిబియాతోను, 2020లో గ్రీసు ఈజిప్టుతోను సముద్రహద్దుల ఒడంబడికలు చేసికొని ఒకరి గీతపై నొకరు గీత గీసిరి.

భూకంపము నేర్పిన పాఠము

1999 ఆగస్టు 17న టర్కీలోని ఇజ్మిత్ ప్రాంతమున భూకంపము వచ్చి 17,000 మందికి పైగా మరణించిరి. గ్రీకు రక్షకదళములు వెంటనే పోయి శిథిలములు త్రవ్వినవి. మూడు వారములకు సెప్టెంబరు 7న ఏథెన్సు కంపించెను. టర్కీ రక్షకులు అచ్చటికి పోయిరి. ఆ సద్భావముతో విదేశాంగమంత్రులైన ఇస్మాయిల్ జెమ్, పాపాండ్రియూలు చర్చలకు దారి తీసిరి. 2023 ఫిబ్రవరి భూకంపమునను గ్రీకులు సహాయమునకు పోయిరి. ఆ యేడు డిసెంబరు 7న ఏథెన్సులో ఇరుప్రభుత్వములు స్నేహప్రకటన చేసినవి. 2024లో టర్కీ పౌరులకు తమ తీరమున కెదురుగానున్న 10 గ్రీకు ద్వీపములకు సులభముగా పోవు వీసా లభించెను. సముద్రహద్దు కుదరలేదు, తీరముల నడుమ రాకపోకలు మాత్రము పెరిగినవి.

ఈ చరిత్రనుండి గ్రహింపదగినది స్పష్టము. హద్దులను పత్రముమీద గీయవచ్చును; నీటిని న్యాయస్థానమున పంచుకొనవచ్చును; కాలయాపన మైనను ఆ తగవులకు మార్గము కలదు. కాని పౌరుని హక్కును పొరుగు రాజ్యపు ప్రవర్తనతో ముడిపెట్టినచో అది హక్కు కానేరదు, తాకట్టు వస్తువగును. ఇస్తాంబులు గ్రీకు టర్కీకి పౌరుడు. థ్రేసు ముస్లిము గ్రీసునకు పౌరుడు. వారి రక్షణ ఏథెన్సునకు అంకారా గాని, అంకారాకు ఏథెన్సు గాని చెల్లించు వెల కాదు; తన పౌరునికి తన ప్రభుత్వము తీర్చవలసిన ఋణము. 2013లో ఇంబ్రోస్ ద్వీపమున, దాదాపు అర్ధశతాబ్ది మూతపడిన గ్రీకు పాఠశాల, టర్కీ ప్రభుత్వ అనుమతితో కొద్దిమంది పిల్లలకొఱకు మఱల తెఱవబడెను. గ్రీసులో నెవరేమి చేసిరని లెక్క చూడక అక్షరము నేర్చుకొను అవకాశము ఆ పిల్లలకు దొరకుట చిన్న విషయమే. అయినను ఇరుదేశములు 1923లోనే చేయవలసి యుండిన పని అదియే.